మీ జబ్బు సంగతి మీ ఫోను ఎవరెవరికి చెబుతోంది?

పత్రికలకు ఆరోగ్య సందేహాలు వ్రాసే పాఠకులకు వెనకటి నుంచీ ఒక అలవాటు వుంది. ఉత్తరం చివర "దయచేసి పేరూ, ఊరూ ప్రచురించవద్దు" అని క్రింద గీత గీసి మరీ వ్రాస్తారు. కొందరైతే కవరు వెనుక అడ్రసు కూడా వ్రాయరు. తన ఒంట్లో సంగతి తనకూ, డాక్టరుకూ మధ్యనే వుండాలనుకోవడం సహజమైన కోరిక. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. అయితే ఇప్పుడు ఉత్తరం వ్రాయడానికి ముందే అదే సందేహాన్ని అందరూ సెల్‌ఫోనును అడుగుతున్నారు. ఫోనుకు మాత్రం "పేరు ప్రచురించవద్దు" అని చెప్పేవారు తక్కువ. ఈ వారం వచ్చిన ఒక ఉత్తరం చదివాక ఈ విషయమే కాస్త వివరంగా వ్రాయాలనిపించింది.

"డాక్టరుగారికి నమస్కారములు. నా వయస్సు 24 సంవత్సరాలు. బి.కాం. పాసై ఇంటి వద్దనే వుంటున్నాను. నాకు పధ్నాలుగో ఏట నుంచి ఫిట్స్ వున్నాయి. మందులు వాడుతున్నాను. మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. ఈ సంగతి అమ్మకూ, నాన్నకూ, అన్నయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. నేను నా ఫోనులో యూట్యూబు పెట్టి 'ఫిట్స్ వున్నవాళ్లు పెళ్లి చేసుకోవచ్చా' అని వెతికి చూశాను. నాలుగు రోజుల తర్వాత వదిన పుట్టింటివారు వచ్చి హాల్లో కూర్చుని వుండగా టి.వి. పెడితే అందులో వరుసగా మూర్ఛరోగం వీడియోలే కనబడ్డాయి. నేను టి.వి.లో ఎప్పుడూ అవి చూడలేదు. అప్పటి నుంచీ వదిన నన్ను చూసే చూపు మారింది. మాత్రల షీట్లు కంటబడతాయని పన్నెండు రోజులుగా వేసుకోవడం మానేశాను. ఫిట్స్ వున్నవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకదానిలో నా మందుల చీటీ ఫోటో కూడా పెట్టాను. చాలా భయంగా వుంది. ఎవరికీ తెలియకుండా ఫోను వాడుకునే మార్గం చెప్పగలరు. పేరు ప్రచురించవద్దు."

అమ్మా, ఫోను సంగతి తర్వాత. ముందు మాత్రల సంగతి. ఫిట్స్ మందు వున్నట్టుండి మానేస్తే, ఒక ఫిట్ తగ్గకముందే మరొకటి వచ్చే స్థితి ఏర్పడవచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. ఈ జవాబు చదివిన రోజే మీకు మందు వ్రాసిన డాక్టరుకు ఫోను చేసి, ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి. మీ అంతట మీరు పాత మోతాదు మొత్తం ఒక్కసారిగా మొదలు పెట్టకండి. కొన్ని మందులను మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ రావలసి వుంటుంది. మీ మందు అలాంటిదో కాదో ఆయన చెబుతారు. అంతవరకు స్నానాల గదికి లోపల గడియ పెట్టవద్దు. పొయ్యి దగ్గర ఒంటరిగా వుండవద్దు. స్కూటీ నడపవద్దు. ఫిట్ వచ్చి అయిదు నిమిషాలకు తగ్గకపోతే 108కి ఫోను చేయమని అమ్మతో చెప్పి వుంచండి. షీట్లు కంటబడతాయనే భయమైతే, వాటిని షీటుతో సహా చిన్న స్టీలు డబ్బాలో పెట్టి మీ బీరువాలో వుంచుకోండి. మాత్రలు దాచుకోవచ్చు గాని మానేయకూడదు.

ఇక టి.వి.కి ఎలా తెలిసింది? మీరు వ్రాయలేదు గాని, మన ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇది: ఫోను కొన్నప్పుడు మీ అన్నయ్య తన జిమెయిల్ ఖాతాతోనే దాన్ని తెరిచి మీ చేతికిచ్చి వుంటాడు. టి.వి. కొన్నప్పుడూ అదే ఖాతా పెట్టి వుంటాడు. ఫోను మీది, టి.వి. అందరిది అని మీరనుకుంటున్నారు. యూట్యూబు దృష్టిలో రెండూ ఒకే మనిషివి. ఆ మనిషికి మూర్ఛరోగం మీద ఆసక్తి కలిగిందని అది గమనించింది. టి.వి. పెట్టగానే అవే వీడియోలు వడ్డించింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. కాని జరిగిన నష్టం మాత్రం జరిగింది.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి వుంది. ఖాతా ఒకటే అయితే మీరు తీసిన ఫోటోలు కూడా అన్నయ్య ఫోనులోనో, ఇంట్లో కంప్యూటరులోనో ప్రత్యక్షం కావచ్చు. మందుల చీటీ ఫోటో, రిపోర్టు ఫోటో అన్నీ అందులోకి వస్తాయి.

కాబట్టి మొదట చేయవలసినది, మీ పేర మీరే ఒక కొత్త ఖాతా తెరుచుకోవడం. ఫోను సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే చోట దాన్ని చేర్చి, యూట్యూబు, బ్రౌజరు, ఫోటోలు అన్నిటినీ దానిలోకి మార్చండి. పాత ఖాతాలో మీరు వెతికినవి యూట్యూబు హిస్టరీలోనూ, గూగుల్ 'మై యాక్టివిటీ'లోనూ వుంటాయి. అవి తుడిచేయవచ్చు. కొత్త ఖాతాలో హిస్టరీని ఆపు చేసే ఏర్పాటు, లేదా మూడు నెలలు దాటినవి వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు వుంది. ఒక్కసారి పెట్టుకుంటే చాలు. ఫోనుకు మీకు మాత్రమే తెలిసిన తాళం పెట్టుకోండి. "ఇంట్లోవాళ్ల దగ్గర తాళమెందుకు?" అని అడిగేవారుంటారు. బీరువాకు తాళం పెట్టుకుంటే ఎవరూ తప్పు పట్టని ఇళ్లలో కూడా ఆడపిల్ల ఫోనుకు తాళం పెడితే తప్పు పడతారు. అది సరికాదని నా అభిప్రాయం.

'ఇన్‌కాగ్నిటో' అని ఒక కిటికీ వుంది గదా, అందులో చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. అది ఇంట్లోవాళ్ల కళ్ల నుంచి కాపాడుతుంది. దాన్ని మూసేశాక మీ ఫోనులో మీరు చూసినదాని జాడ మిగలదు. ఇంటికి నెట్ కనెక్షను ఇచ్చే కంపెనీకి మాత్రం మీరు ఏ సైటుకు వెళ్లారో తెలుస్తుంది. ఆ సైటువారికీ తెలుస్తుంది. ఆఫీసు కంప్యూటరైతే ఆఫీసువారికీ తెలియవచ్చు. ఈ సంగతిని జనానికి సరిగా చెప్పలేదనే అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా వేశారు. 2024లో రాజీ కుదిరింది. ఆ కిటికీలో చూసినవారికి సంబంధించిన వందల కోట్ల రికార్డులను ధ్వంసం చేయడానికి గూగుల్ ఒప్పుకుంది. అంటే ఆ రికార్డులు అన్నాళ్లూ వున్నాయన్నమాట!

నిజం చెప్పాలంటే మన పాఠకుల్లో ఎక్కువమందికి బాధ కలిగించేది ఇంట్లో గుట్టు బయటపడటమే. ఎక్కడో అమెరికాలో వున్న కంపెనీకి మన మూర్ఛ సంగతి తెలిస్తే మనకేమీ అనిపించదు. వదినకు తెలిస్తే నిద్ర పట్టదు. అయినా ఆ దూరపు కన్ను సంగతి కూడా తెలుసుకోవాలి.

2006 ఆగస్టులో ఎ.ఓ.ఎల్. అనే అమెరికన్ కంపెనీ, పరిశోధకులకు పనికివస్తాయని, దాదాపు ఆరున్నర లక్షలమంది మూడు నెలల పాటు వెతికిన మాటలన్నీ బయట పెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు వేశాం, భయం లేదనుకుంది. న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు కొద్ది రోజుల్లోనే ఒక నంబరు వెనుక వున్న పెద్దావిడను ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి పలకరించారు. ఆమె వెతికిన ఊరి పేర్లూ, ఇంటి పేర్లూ, జబ్బుల పేర్లూ కలిపి చూస్తే మనిషి దొరికిపోయింది. విచిత్రమేమిటంటే, ఆ జబ్బుల్లో కొన్ని ఆమెవి కానే కావు. స్నేహితురాళ్ల కోసం వెతికి పెట్టింది! జబ్బు లేనివారికి కూడా జబ్బు అంటగట్టగలదు ఈ వెతుకులాట.

యాప్‌ల సంగతి ఇంకా దగ్గరి విషయం. నెలసరి తేదీలు వ్రాసుకునే 'ఫ్లో' అనే యాప్, ఆడవారు నమ్మి చెప్పిన వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటివాటికి అందించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమీషన్ అభియోగం మోపి 2021లో కట్టడి చేసింది. అదే వ్యవహారంలో 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్యూరీ, ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా కంపెనీదీ తప్పేనని తేల్చింది. మనోవ్యథలకు సలహా చెప్పే 'బెటర్‌హెల్ప్' కంపెనీ, తన దగ్గరికి వచ్చినవారి వివరాలను ప్రకటనల కోసం ఇతరులకు ఇచ్చిందన్న అభియోగం మీద 2023లో 78 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది. డాక్టరు నోరు విప్పకూడదనే నియమం మా వృత్తిలో గ్రీకుల కాలం నుంచీ వుంది. యాప్ తయారుచేసేవాడు అటువంటి ప్రమాణమేదీ చేసి రాలేదు. నెలసరి తేదీల కోసం నన్నడిగితే, వంటింటి గోడకు వ్రేలాడే క్యాలెండరు మీద పెన్సిలు చుక్క చాలునంటాను. యాప్ కావాలనుకుంటే, ఖాతా తెరవమని అడగకుండా లెక్కంతా ఫోనులోనే దాచుకునేది ఎంచుకోండి.

బ్రౌజరు విషయంలో కూడా ఎంపిక మన చేతిలోనే వుంది. మనం ఒక సైటు తెరిచినప్పుడు అది మన ఫోనులో ఒక చిన్న చీటీ అంటించిపోతుంది. దాన్ని కుకీ అంటారు. సైటు తన సొంత చీటీ పెట్టుకుంటే పరవాలేదు. ఆ పేజీలో ప్రకటనలు వేసే మూడోవాడు కూడా తన చీటీ అంటించి, మీరు తర్వాత ఎక్కడికి వెళ్లినా వెంట వస్తాడు. పొద్దున మూర్ఛ గురించి చదివితే సాయంత్రం చీరల సైటులో న్యూరాలజీ ఆసుపత్రి ప్రకటన కనబడటం ఇందువల్లనే. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, ఐఫోనులో వుండే సఫారీ ఈ మూడోవాడి చీటీలను మీరు అడగకుండానే కట్టడి చేస్తాయి. క్రోమ్‌లోనూ వాటిని ఎత్తివేస్తామని గూగుల్ 2020లో ప్రకటించి, వాయిదాలు వేస్తూ వచ్చి, 2024లో ఆ ఆలోచన విరమించుకుంది. క్రోమే వాడతానంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే వాటిని ఆపుకోవాలి. వెతకడానికి డక్‌డక్‌గో వంటిది వాడితే, అది మీరు వెతికినవాటిని మీ పేర జాబితా కట్టి దాచుకోదు. నా సలహా ఏమిటంటే, మామూలు పనులకు ఏ బ్రౌజరు వాడినా సరే, ఆరోగ్య విషయాలకు మాత్రం రెండోది ఒకటి విడిగా పెట్టుకోండి. చేతులు తుడుచుకునే గుడ్డ, గిన్నెలు తుడిచే గుడ్డ వేరుగా పెట్టుకోమా?

ఫోనులో ఇంకొన్ని చిన్న పనులున్నాయి. తాళం వేసి వున్న తెర మీద కూడా మెసేజీలు మెరుస్తుంటాయి. "మీ మాత్రలు బయలుదేరాయి" అని మందుల షాపువాడు పంపిన మెసేజీ టీపాయి మీదున్న ఫోనులో ఎవరైనా చదవవచ్చు. తాళం తీస్తే గాని అక్షరాలు కనబడకుండా నోటిఫికేషన్లలో మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రకటనల కోసం ఒక గుర్తింపు నంబరు వుంటుంది. సెట్టింగ్స్‌లో యాడ్స్ అనే చోట దాన్ని తొలగించే వీలుంది. ఐఫోను 2021 నుంచి ఏ యాప్ అయినా మీ వెంటబడాలంటే ముందు మిమ్మల్ని అడిగేలా చేస్తోంది. అడిగినప్పుడు వద్దనండి. టార్చిలైటు యాప్‌కు మీ ఫోటోలు, మీ ఫోను నంబర్లు ఎందుకో ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు మీ వాట్సాప్ గ్రూపు. ఒకే జబ్బు వున్నవాళ్లు ఒకచోట చేరడం మంచిదే. నేనొక్కదాన్నే కాదన్న ధైర్యం వస్తుంది. అది మందు ఇవ్వలేని ధైర్యం. అయితే వాట్సాప్ గ్రూపులో మీ ఫోను నంబరు అందరికీ కనబడుతుంది. గ్రూపులో వెయ్యిమంది దాకా వుండవచ్చు. మధ్యదారిలో ఎవరూ చదవకుండా 2016 నుంచి వాట్సాప్ కట్టుదిట్టం చేసిన మాట నిజమే. అవతలి చివర కూర్చున్న మనిషి ఫోటో తీసి ఇంకొకరికి పంపితే అదేం చేస్తుంది? మందుల చీటీ మీద మీ పేరు, వయస్సు, ఆసుపత్రి నంబరు, కొన్నిటి మీద ఫోను నంబరు కూడా వుంటాయి. మీరు పెట్టి కొన్నాళ్లయింది కాబట్టి అందరి ఫోన్లలోంచి తీసివేసే గడువు దాటిపోయి వుంటుంది. ఆ గడువు రెండున్నర రోజులే. అడ్మినును అడిగి చూడండి. ఇక ముందు సందేహం అడగవలసి వస్తే మందు పేరు అక్షరాలతో వ్రాసి అడగండి, చీటీ ఫోటో వద్దు. ఫేస్‌బుక్ గ్రూపులో పేరు లేకుండా అడిగే వీలుంది గాని, గ్రూపు నడిపేవారికి, ఫేస్‌బుక్‌కు పేరు కనబడుతూనే వుంటుంది. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. గ్రూపులో చేరిన మూడో రోజున "మూర్ఛకు శాశ్వత నివారణ, మీ మందులన్నీ మానేయండి" అని ఒకాయన విడిగా మెసేజీ పెడతాడు. ఆయనకు మీ నంబరు ఇచ్చింది ఆ గ్రూపే. జవాబివ్వవద్దు.

చివరిగా మీరు అడగని మాట ఒకటి. గుట్టుగా వుంచుకోవడం వేరు, మోసం చేయడం వేరు. వదిన పుట్టింటివారికి, పక్కింటివారికి, పెళ్లిళ్ల పేరయ్యకు మీ జబ్బు సంగతి చెప్పనక్కరలేదు. కాని మిమ్మల్ని చేసుకోబోయే అబ్బాయికి నిశ్చితార్థానికి ముందే చెప్పండి. టి.వి. చెప్పకూడదు, వదిన చెప్పకూడదు, మీరే చెప్పాలి. పెళ్లయ్యాక దొంగచాటుగా మాత్రలు మింగుతూ, మళ్లీ మానేస్తూ బ్రతకడం కన్నా ఒక సంబంధం తప్పిపోవడం చిన్న నష్టం. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చెప్పిన మాటను 1999లో తొలగించారు. ఫిట్స్ వున్న ఆడవారిలో ఎంతోమంది ఆరోగ్యమైన బిడ్డలను కంటున్నారు. అయితే సోడియం వాల్‌ప్రొయేట్ అనే మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. మీరు వాడేది అదేనేమో చూసి, పెళ్లికి ముందే డాక్టరును అడగండి. దాన్ని కూడా సొంతంగా ఆపవద్దు.

వదిన విషయం మీ ఇష్టం. ఆమె పరాయిది కాదు. సగం తెలిసినవారి కంటే పూర్తిగా తెలిసినవారు ఎక్కువ సాయం చేస్తారని నాకు అనుభవం.

మరికొన్ని సందేహాలు

ప్రశ్న: మా మనుమడికి పది నెలలు. తొడల మధ్య ఎర్రగా పొక్కింది. ఫోటో తీసి మా కుటుంబం గ్రూపులో పెడితే ఒకరు ఒక ఆయింట్‌మెంటు, ఇంకొకరు పసుపు, మరొకరు పౌడరు అంటున్నారు. ఏది వాడమంటారు?
— ఒక అమ్మమ్మ

జవాబు: ముందు ఆ ఫోటో గ్రూపులోంచి తీసేయండి. పసివాడే గదా అనుకుంటాం గాని, అది ఇప్పటికే ఎన్ని ఫోన్లలో చేరిందో మీకు తెలియదు. వాడు పెద్దవాడయ్యాక ఆ ఫోటో ఎక్కడెక్కడ వుందో వాడికీ తెలియదు. చాలావరకు ఇటువంటి పొక్కు తడి గుడ్డ, తడి డయాపరు ఎక్కువసేపు వుండటం వల్ల వస్తుంది. తరచు మార్చి, గోరువెచ్చని నీటితో కడిగి, ఆరనిచ్చి, రోజూ కొంతసేపు గాలి తగలనివ్వండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చుట్టూ చిన్న చిన్న ఎర్రని పొక్కులు లేచినా పిల్లల డాక్టరుకు చూపించండి. షాపులో అడిగి కొనే ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి వుంటుంది. పసివాళ్ల లేతచర్మానికి అది మంచిది కాదు.

ప్రశ్న: ల్యాబు వాళ్లు రిపోర్టు వాట్సాప్‌లో పంపుతున్నారు. ప్రింటు కోసం బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నంబరుకు పంపుతుంటాను. ఇందులో ప్రమాదమేమైనా వుందా?
— షుగరు రోగి

జవాబు: ఆ షాపు కంప్యూటరులో ఊరందరి షుగరూ, బి.పీ., ఆధార్ కార్డులూ ఒకే చోట పోగుపడి వుంటాయి. ప్రింటు తప్పనిసరి కాకపోతే రిపోర్టును ఫోనులోనే డాక్టరుకు చూపించండి. తప్పనిసరైతే ప్రింటు తీశాక మీ ఎదుటే ఫైలు తుడిపించండి. అసలు ల్యాబులోనే కాగితం అడిగి తీసుకోవడం మేలు. హెచ్.ఐ.వి. రిపోర్టు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2017 నాటి చట్టం ప్రకారం నమ్మకంతో చెప్పిన ఒకరి హెచ్.ఐ.వి. సంగతిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. కాని చట్టం జిరాక్సు షాపులో కాపలా కూర్చోదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. ఇంజనీరింగు చదువుతున్నాను. నెలరోజులుగా నిద్ర పట్టడం లేదు. దేని మీదా మనసు నిలవడం లేదు. బ్రతకడం ఎందుకనిపిస్తోంది. ఒక యాప్‌లో నా బాధ వ్రాస్తుంటే కాస్త తేలికగా వుంది. ఇంట్లో తెలిస్తే పిచ్చి అంటారని భయం. ఆ యాప్ కొనసాగించవచ్చా?
— పేరు వద్దు

జవాబు: బాబూ, నీది పిచ్చి కాదు. చాలామందికి వచ్చేదే, మందులతో, మాటలతో తగ్గేదే. కాని నువ్వు వ్రాసిన చివరి మాటను యాప్‌కు వదిలేయడం నాకిష్టం లేదు. ఈ రోజే 14416కు ఫోను చెయ్యి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బు అక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో వినబడుతుందనుకుంటే కాలేజీ గ్రౌండులో ఒక మూల కూర్చుని మాట్లాడు. తర్వాత కాల్ జాబితాలోంచి ఆ నంబరు తుడిచేసుకోవచ్చు. దగ్గరలోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓ.పి. వుంటుంది, ఈ వారంలోనే వెళ్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ సంగతి గోప్యంగా వుంచవలసిన బాధ్యత ఆ డాక్టరుది. నీకు గాని, ఇంకొకరికి గాని ప్రాణాపాయం వుందనుకున్నప్పుడు మాత్రం అవసరమైనవారికి చెప్పవచ్చు. అది నీ మంచికే. వెళ్లేటప్పుడు ఒక్క స్నేహితుడినైనా వెంట తీసుకుని వెళ్లు. ఏమైందో మళ్లీ ఒక కార్డు ముక్క వ్రాయి, పేరు లేకుండానే.